వెళ్లొచ్చిన సైన్యం

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, అత్తగారి కంటపడకుండా గడప దాటాలి.

ఆమె పనిచేసే ఆఫీసులో కంప్యూటర్‌లో ఆడే యుద్ధాల ఆట తయారవుతోంది. అందులో కట్టెలు కొట్టేవాళ్లూ, సైనికులూ ఉంటారు. ప్రతి మనిషినీ ఆడేవాళ్లే వేలు పెట్టి నడిపించాలని ఆఫీసు పెద్ద పట్టుదల. అందుకే ఆయనకు చూపుడువేలుగారని పేరు పడింది. ఒక్క మాట చెప్పి వదిలేస్తే మిగతాది ఆ మనుషులే చూసుకోవాలని కోడలి వాదన. ఆ సంగతి ఇవాళ తేలుతుంది. ఓడితే ఆమెను వేరే ఊరి ఆఫీసుకు పంపేస్తారు.

అత్తగారి కంట పడనే పడింది. ఆట చూపించందే కదలనివ్వనన్నారావిడ. తెరమీద సైనికులు "వెళ్తున్నాం" అంటూ బయల్దేరారు.

"అయ్యో, అదేం మాటే! గుమ్మంలో ఎవరైనా అలా అంటారా? వెళ్లొస్తాం అనాలి."

"వాళ్లు వెళ్లేది పక్కింటికి కాదత్తయ్యా, యుద్ధానికి!"

"యుద్ధానికైతే మరీను. ముందు ఆ మాట మార్చు." ఆవిడ గడపకు అడ్డంగా నిలబడ్డారు. "నువ్వు కూడా వేరే ఊరు వెళ్తావేమోనని నా భయం నాది."

కోడలు మార్చేసింది. ఒక్క మాటే కదా! ఆటలో మనుషులు నోటితో ఏదంటే అదే చేసేలా తానే రాసిన సంగతి ఆ తొందరలో గుర్తు రాలేదు.

ఆఫీసులో చూపుడువేలుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. కోడలు ధీమాగా మౌస్ వదిలేసింది. కట్టెలు కొట్టేవాళ్లు "వెళ్లొస్తాం" అని అడవిదాకా వెళ్లారు. చెట్లను చూశారు. వెనక్కి వచ్చారు.

"కట్టెలేవమ్మా?"

"వస్తాయి సార్."

"మనుషులే వచ్చారు."

సైనికులు శత్రువు కోట గోడను ముట్టుకుని ఇంటిదారి పట్టారు. కోడలు గబుక్కున ముందుకు వంగింది. మౌస్ అందుకుని ఒక్కొక్కణ్ణీ పట్టి ఆపసాగింది. ఒకణ్ణి ఆపితే మిగతావాళ్లు జారుకుంటున్నారు.

"నిలబడు నాయనా, నిలబడు!"

"ఇప్పుడు వేలు పెడుతున్నది ఎవరో?" అన్నారాయన తీరిగ్గా.

అంతలో ఫోను మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, మనవాళ్లంతా తిరిగొచ్చారా?"

"వస్తూనే ఉన్నారత్తయ్యా. అదే కొంప ముంచింది."

"తిరిగొస్తే కొంప మునగడమేమిటే, నీ మొహం!"

కోడలు ఫోను పెట్టేసేసరికి శత్రుసైన్యం కూడా దండెత్తి వస్తోంది. వాళ్లకు రాసిందీ అదే మాట. వాళ్లూ కోటదాకా వచ్చి, గోడను తడిమి, వెనుదిరిగారు. వంతెన మీద రెండు సైన్యాలవాళ్లూ ఎదురుపడి, ఒకరికొకరు దారి ఇచ్చుకుని ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రద్దీలో మన సైనికుడొకడు వంతెన మీదే వెనకబడిపోయాడు.

"వాణ్ణి చేత్తో నడిపించనా సార్?" అంది కోడలు నీరసంగా.

"ముట్టుకోకు. వాడే వస్తాడు." ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. వాడు నింపాదిగా నడిచి నడిచి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాకగానీ ఆయన ఊపిరి వదల్లేదు.

"ఆ ఊరి ఆఫీసుకు నేను వెళ్తాలే," అన్నారు కాసేపటికి. "మా ఆవిడ ఉద్యోగం అక్కడే. నేను లేకపోతే ఇక్కడ పనులు ఆగిపోతాయని ఇన్నేళ్లూ కదల్లేదు."

"మరి ఆట సార్?"

"నీ పద్ధతిలోనే కానీ. వాళ్లకు కట్టెలు కొట్టడం నేర్పు, యుద్ధం నేర్పు. ఇంటికి రావడం మాత్రం తీసెయ్యకు."

ఆయన వెళ్లాక ఆఫీసులో ఒక్క పనీ ఆగలేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.