ఓ కన్నేసి ఉంచుతావా

జెనివాల్దో వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. పొద్దున్న ఆరున్నరకి ఫొర్తలేజాలో బస్సు దిగాలి. ఓ పావుగంట సముద్రం చూడాలి. పదకొండింటికి సెతె లువాస్ డాన్సు హాల్లో, యజమానురాలు దోన ఇవోనే, అంటే ఇవోనే అమ్మగారి ముందు అకార్డియన్ వాయించాలి. ఆమెకి నచ్చితే వారానికి నాలుగు రాత్రులు, జనం జంటలుగా ఆడే ఫొహొ పాటలకి వాయించే పని. నచ్చకపోతే మళ్లీ సొంతూరు కిషడా వెళ్లి మామగారి ఇటుక బట్టీలో బూడిద ఎత్తడమే. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషికి మూడో దారి లేదు.

రాత్రంతా గంతులేసే ఊరు ఫొర్తలేజా. ఎక్కడెక్కడి జనమో వచ్చి తెల్లారేదాకా ఆడి, సరాసరి ఇసుకలోకొచ్చి పడతారు. వాళ్లని ఆడించేవాడు ఏం తింటాడో, ఎక్కడ పడుకుంటాడో అడిగిన పాపాన పోరు. ఆ పేచీ ఇంకోరోజు తేల్చుకుందాం.

చెప్పులు విప్పి, అకార్డియన్ పెట్టె పక్కన పెట్టుకుని జెనివాల్దో ఇసుకలో కూర్చున్నాడు. ఎర్ర నిక్కరువాడొకడు వచ్చి సంచీ, ఫోను, కళ్లజోడు అతని ముందు పెట్టాడు.

"అన్నా, ఓ కన్నేసి ఉంచుతావా? ఇలా మునిగి అలా వచ్చేస్తా."

"అలాగే, పో."

ఆ తీరంలో అదొక రివాజు. నీళ్లలో దిగేవాడు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి సామాను అప్పజెబుతాడు. అడిగించుకున్నవాడు కాదనకూడదు, ఎప్పుడొస్తావని అడక్కూడదు, వాడొచ్చేదాకా కదలకూడదు. ఈ చట్టం ఎవరూ రాయలేదు. రాసిన చట్టాల్నేమో ఎవరూ ఖాతరు చెయ్యరు.

పావుగంట గడిచింది. ఎర్ర నిక్కరు జాడ లేదు. ఒక సామాను కాపలా కాస్తున్నవాడు రెండోది కాయలేడా అని ఒక జంట తమ బుట్ట పెట్టి పోయింది. కుప్ప కనబడేసరికి జనానికి నమ్మకం పెరిగింది. పైగా అంత బరువు పెట్టె ఉన్నవాడు పరిగెత్తి పారిపోలేడు కదా. ఎనిమిదిన్నరకల్లా తెరెజీనా నుంచి సరదాగా ఊరు చూడ్డానికొచ్చిన టీచరమ్మల గుంపు పద్నాలుగు సంచులు దింపింది. వాళ్లలో పెద్దావిడ దోన ఓస్మరీనా చెయ్యి చాపింది.

"టోకెన్ ఏదయ్యా?"

"టోకెన్లేం లేవమ్మా. నేనూ మీలాగే చూడ్డానికొచ్చినవాణ్ణే."

"ఇంత సామాను పెట్టుకుని టోకెన్ లేదంటావా? నా సంచి ఇంకొకత్తి పట్టుకుపోతే నువ్విస్తావా? ఏం మనిషివయ్యా."

ఆవిడతో వాదించడం కన్నా రాయడమే తేలిక. దగ్గరున్న కాగితం ఒక్కటే, దోన ఇవోనేకి వినిపించాలనుకున్న పాటల జాబితా. దాన్ని ముక్కలు చేసి నంబర్లేసి పంచాడు. దాంతో కొంప మునిగింది. టోకెన్లిస్తున్నాడని తెలిసి తీరమంతా వరస కట్టింది.

పదింబావుకి జెనివాల్దో గొడుగులు అద్దెకిచ్చే ఒనోఫ్రె కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"బాబాయ్, గంటసేపు ఇక్కడ కూర్చో. నా బతుకు తేలిపోయే పనుంది."

"వాళ్లు నిన్నడిగార్రా, నన్ను కాదు. నేను కూర్చున్నాక ఒక్క జోడు పోయిందనుకో, దొంగెవడు? నేనా, నువ్వా?"

"పోదు బాబాయ్."

"పోదని అంత ధైర్యమైతే వదిలేసి వెళ్లు."

వెళ్లలేకపోయాడు. అంతలో తీరం గార్డు మోటారుసైకిల్ దిగి వచ్చాడు.

"లైసెన్సుందా?"

"ఇది వ్యాపారం కాదు సార్. చూడమన్నారు, చూస్తున్నాను."

"మరి టోకెన్లెందుకు?"

జెనివాల్దో మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. గార్డు అంతా విని నిట్టూర్చాడు. తర్వాత హెల్మెట్ తీసి కుప్ప మీద పెట్టాడు.

"కొబ్బరినీళ్లు తాగొస్తా. చూస్తుండు."

పదకొండయింది. పదకొండున్నర కూడా అయింది. అప్పుడొచ్చాడు ఎర్ర నిక్కరువాడు, ఒళ్లంతా ఆరిపోయి, చేతిలో చేపవేపుడు పొట్లంతో.

"ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నా? నువ్వెప్పుడో వెళ్లిపోయుంటావనుకున్నా."

జెనివాల్దో వాడి సంచీ వాడి చేతిలో పెట్టాడు. అనడానికి వచ్చిన మాటలు అచ్చులో వేసేవి కావు.

చివరి సంచి చేతులు మారేసరికి ఒంటిగంట. మండుటెండలో పెట్టె భుజాన వేసుకుని, చెప్పులెక్కడున్నాయో వెతికే ఓపిక లేక ఉత్త కాళ్లతో హాలుకి పరిగెత్తాడు. దోన ఇవోనే బల్ల దగ్గర అన్నం, చిక్కుడుగింజలు తింటోంది.

"పదకొండన్నాను."

"తల్లీ, ఒక్క పాట వినండి."

"కీబోర్డు వాయించేవాణ్ణి పెట్టేసుకున్నాను. వాడి మిషనుకి ఒక మీట నొక్కితే డోలు, అకార్డియన్ అన్నీ అదే మోగిస్తుంది. అలిసిపోదు, ఆలస్యంగానూ రాదు. నువ్వెందుకు రాలేదు?"

దాచడానికేముందని జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే ఆమె చెంచా కింద పెట్టేసింది.

"ఎంతమంది సామాను?"

"అరవై పైనే ఉంటుంది."

"ఒక్కటీ పోలేదా? తారుమారు కాలేదా?"

"లేదు తల్లీ."

ఆమె అతన్ని కిందినుంచి మీదికి చూసింది. జెనివాల్దో వేళ్లు తమంతట తామే పెట్టె గొళ్లెం మీదికి పోయాయి.

"గురువారం నుంచి రా. ఆ కీబోర్డువాడికన్నా ఎక్కువే ఇస్తాను."

"ఏ పాటతో మొదలెట్టమంటారు?"

"పాటేంటి? గుమ్మం పక్కన జనం సంచులు, హెల్మెట్లు పెట్టుకునే గది ఉంది. అందులో కూర్చునేవాడు మూడు హెల్మెట్లు పట్టుకుని పోయాడు. వాయించేవాళ్లు ఈ ఊళ్లో సందుకి పదిమంది. ఎత్తుకుపోనివాణ్ణి నా ఇరవయ్యేళ్ల వ్యాపారంలో నిన్నే చూశాను."

జెనివాల్దో పెట్టె గొళ్లెం మీంచి చెయ్యి తీశాడు. ఇటుక బట్టీ కూడా కళ్ల ముందు కదిలింది.

"ఆ గదిలోకి పాట వినబడుతుందా తల్లీ?"

"తలుపు తీసినప్పుడు."

గురువారం పనిలో చేరాడు. తలుపు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అందరూ మర్యాదస్థులు, వెంటనే వేసేసేవారు.