ఎనభై రెండు గ్రాముల రొయ్యల కేసు

"దొంగలారా! ఇంకా దొంగలు కానివారలారా! ఈ వంశధార పొడుగునా ఇకమీద నేరమన్నది జరగదు. జరిగినా దాగదు. దాగినా నా కంట పడక మానదు!"

ఇది మా బావ జగన్నాధం రిటైరైన మర్నాడు ఊరి జంక్షన్‌లో టీకొట్టు బల్ల మీద నిలబడి చేసిన ప్రకటన. బల్ల ఓ కాలు కుంటిది కావడం వల్ల ప్రకటన అక్కడితో ఆగింది.

మా బావ ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరు. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాణ్ణంటాడు. మా ఆవిడ ఆయన బస్సులో ఎన్నిసార్లు టికెట్టు లేకుండా శ్రీకాకుళం వెళ్ళొచ్చిందో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. ఇంటి గోడ మీద బోర్డు కూడా రాయించాడు: "జగన్నాధం, అపరాధ పరిశోధకులు. హత్యలు, దోపిడీలు, తప్పిపోయిన గేదెలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్ర."

ఆయన మా చెల్లెలు చిన్నతల్లికి మొగుడు. అందుచేత ప్రతి కేసులోనూ వెనకాల సంచీ మోసే ఉద్యోగం నాది. జీతం లేదు, రాజీనామా కుదరదు.

నేర పరిశోధనకు సైన్సు కావాలని ఆయన ఆన్‌లైన్‌లో ఓ కాటా తెప్పించాడు. అరచేతి మందాన ఉంటుంది, గ్రాము తేడా కూడా చెబుతుంది. నెలరోజులు నేరమేదీ దొరక్క ఉల్లిపాయలు తూచాడు, తన చెప్పులు తూచాడు, మీసంలోంచి రాలిన వెంట్రుక తూచి కాటా సున్నా చూపిస్తే అవమానపడ్డాడు. అలాంటి రోజుల్లో మా చెల్లి ఆయన్ని చేపలమ్మే లక్ష్మణమ్మ దగ్గర అరకేజీ రొయ్యలు తెమ్మంది. తెచ్చాడు. తూచాడు. కాసేపటికి వాళ్ళ గుమ్మంలోంచి మా ఇంటికి కేక వినబడింది. మా రెండిళ్ళ మధ్యా రెండు వీధులున్నాయి.

"బావా! ఎనభై రెండు గ్రాముల రొయ్యలు పట్టపగలు మాయమైపోనాయి!"

వెళ్ళి చూశాను. కాటా మీద నాలుగు వందల పద్దెనిమిది.

"తలకాయలు తీసేసుంటాది బావా."

"తలకాయలున్నాయి! మీసాలున్నాయి! గ్రాములే లేవు!"

ఆపే లోపలే జంక్షన్‌కి పోయి, బస్టాండులో "పలాస, పలాస" అని పిలిచే గొంతుతో ఆ సంగతి చాటేశాడు.

జంక్షన్‌లో చేపలమ్మే ఆడవాళ్ళు ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు. వాళ్ళ వరసకో కట్టుబాటు ఉంది. ఎవరి తూకం మీదైనా మాట వస్తే, అది తేలేదాకా ఆ మనిషి వరసలో గంప దించి అమ్మకూడదు. వరసకు పెద్ద తవిటమ్మ లేచి నిలబడింది.

"లక్ష్మణమ్మా, నువ్వు దొంగవని నానను. గానీ ఇయ్యాల నీ మీద పడ్డ మాట రేపు మా అందరి మీదా పడతాది. శనారం లోపు తేల్సుకో. తేలకపోతే నీ జాగాలో ఇంకొకలు కూకుంటారు."

లక్ష్మణమ్మ ఏడవలేదు. గంపలోంచి తన తూకం రాయి తీసి అందరికీ చూపించింది.

"ముప్పై యేళ్ళు ఈ రాయితోనే తూసినాను. ఈ రాయి మీద ఒట్టేసి సెప్తన్నాను, ఒక్క రొయ్య తగ్గించినేదు."

ఆ ఒట్టు విని తవిటమ్మ కూడా కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ రాయి అలాంటిది మరి. ముప్పై యేళ్ళ క్రితం, మొగుడు పోయినాక, లక్ష్మణమ్మ మొదటిసారి గంపెత్తిన రోజున ఇనప అరకేజీ బాటు ఒక పక్కా, ఆయన వలకు కట్టే ఈ రాయి ఇంకో పక్కా పెడితే తక్కెడ ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదట. అప్పటి నుంచీ మిగతా ఏడుగురికీ తగువొచ్చినా ఆ రాయి దగ్గరికే వచ్చేవారు. మా ఊళ్ళో మొగుడి మీద ఒట్టు నమ్మని ఆడది కూడా లక్ష్మణమ్మ రాయి మీద ఒట్టు నమ్ముతుంది.

ఇదివరకు ఆ రాయి పొలుసులంటి, నల్లగా, గరుగ్గా ఉండేది. పదిరోజులుగా మాత్రం కొత్త పెళ్ళికొడుకు బుగ్గలా నిగనిగలాడుతోంది. అది లక్ష్మణమ్మ కూతురు ఉష చలవ.

ఉష డిగ్రీ చదివింది. కళింగపట్నం బీచికి వెళ్ళినవాళ్ళందరూ తలెత్తి కెరటాలు చూస్తే, ఈ పిల్ల తల దించుకుని గులకరాళ్ళు చూస్తుంది. నచ్చినవి ఏరి తెస్తుంది. ఇంటి వెనక ఓ ప్లాస్టిక్ డ్రమ్ముకు లోపల సైకిలు ట్యూబు అతికించి, పాడైన గ్రైండరు మోటారు తగిలించింది. అందులో రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి పోసి తిప్పుతుంది. వారానికోసారి కడిగి ఇంకా మెత్తటి పొడి పోస్తుంది. నాలుగు వారాలకు అవి అద్దాల్లా బయటికొస్తాయి. వాటిని పోస్టులో దేశంలో ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి రాళ్ళపిచ్చివాళ్ళకు పంపుతుంది. వాళ్ళు తిరిగి తమ ఊరి రాళ్ళు పంపుతారు. రాయిచ్చి రాయి పుచ్చుకునే లోకం ఒకటుందని నాకీ వయసులో తెలిసింది.

మొన్న వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కాయి, లక్ష్మణమ్మ తక్కెడ అటకెక్కింది. ఆ సందులో ఉష అమ్మ రాయిని కూడా డ్రమ్ములో వేసి తిప్పి, వేట మొదలైన రోజున చేతిలో పెట్టింది. ఊరంతా ఆ మెరుపు చూసి ముక్కున వేలేసుకుంది. మా బావైతే అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

ఇంటి దగ్గర మా చెల్లి రొయ్యల గిన్నె మీద మూతపెట్టి మొగుడితో అంది: "నువ్వే ఎట్టినావు మంట. నువ్వే ఆర్పు. లక్ష్మణమ్మ గంప మళ్ళీ వరసలో దిగినదాకా నీకీ ఇంట్లో గంజీ, ఉప్పూ. పచ్చిమిరగాయి కూడా లేదు."

గంజి పేరు వినగానే మా బావలో న్యాయం మేలుకుంది.

బుధవారం ఆయన మొదటి సిద్ధాంతం: ఎండ. రొయ్యల్లోని నీరు దారిలో ఆవిరైపోతోందట. రుజువు కోసం గుప్పెడు రొయ్యలు కాటా మీద పెట్టి అరగంట అరుగు మీద ఎండబెట్టాడు. మేమిద్దరం నీడలో కూర్చుని కునుకు తీశాం.

"సూసినావా బావా! పద్నాలుగు గ్రాములు ఆవిరి!"

"రొయ్యలు ఏడుండాలి బావా, ఐదే ఉన్నాయి. ఆవిరి కాదు, కాకి."

"ఆ కాకి ఎవలు పంపినారో కనుక్కోవాలి," అని డైరీలో రాసుకున్నాడు.

రెండో సిద్ధాంతం: తక్కెడ. లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళి రెండు పళ్ళేలూ అటూ ఇటూ మార్చాడు, తాళ్ళు మూరేసి కొలిచాడు, ముల్లును భూతద్దంలో చూశాడు. తక్కెడలో వంక లేదు.

నేను ఊరుకోలేక అన్నాను. "బావా, ఆ రాయినొకసారి నీ కాటా మీద పెట్టరాదేటి?"

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "ఒరే సోములు బావా! తూకం రాయిని తూస్తారేటి? కండక్టరుకి టికెట్టు కొడతారేటి?"

నిజమే కదా అనిపించింది. సంచీ భుజాన వేసుకున్నాను.

మూడో సిద్ధాంతం అక్కడే, ఇంటి వెనక నుంచి గడగడమని వినబడింది. మా బావ వేలు పైకెత్తాడు.

"అదేటి సప్పుడు?"

"మా గుంట ఉష తిప్పే రాళ్ళ డ్రమ్ము బాబూ," అంది లక్ష్మణమ్మ.

ఉష డ్రమ్ము పక్కన పీటేసుకుని రాళ్ళను పాత పేపర్లలో చుడుతోంది.

"ఈ డ్రమ్ము రేయింబవళ్ళు ఎందుకు తిరుగుతన్నాది?" అన్నాడు మా బావ, లాయరు లాగ.

"రాళ్ళు నునుపెక్కాలి కదా పెద్దయ్యా."

"నునుపెక్కి ఏటి సేస్తాయి?"

"ఏటీ సెయ్యవు. అందంగా ఉంటాయి."

"అమ్ముతావేటి?"

"అమ్మను. జబల్‌పూర్‌లో ఒకావిడున్నాది. నాను ఇవి పంపితే ఆవిడ అక్కడివి పంపుతాది."

"రాళ్ళు పంపితే రాళ్ళే వస్తాయా?"

"మరేటొస్తాయి?"

మా బావ నన్ను జామచెట్టు కిందికి లాక్కుపోయాడు. చెవిలో గుసగుసలాడాడు. ఆ గుసగుసకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

"బావా, ఇది అంతర్రాష్ట్ర ముఠా! పైకి రాళ్ళు, లోన రొయ్యలు! కేజీకి ఎనభై రెండు గ్రాముల సొప్పున దాసి పంపుతన్నారు!"

"అరకేజీకి కదా బావా ఎనభై రెండు. అయినా రొయ్యలెందుకు పంపుతారు?"

"జబల్‌పూర్‌లో సముద్రం ఉన్నాదేటి?"

లేదని ఒప్పుకున్నాను. ఆయన ఒక్క అంగలో డ్రమ్ము దగ్గరికి పోయి, "పెద్దయ్యా, ఆపకుండా మూత తియ్యకు!" అని ఉష అరుస్తుండగానే తీశాడు. బూడిదరంగు బురద నడినెత్తి నుంచి బొడ్డు దాకా ఆయన మీద చిమ్మింది. కళ్ళూ మీసమూ మాత్రం గుర్తుపట్టగలిగాను. బురదలో చెయ్యి పెట్టి వెదికాడు. రాళ్ళే దొరికాయి.

"సాక్ష్యాన్ని ముందే తరలించేసినారు," అన్నాడు, నోట్లోంచి ఇసక ఉమ్మి.

శనివారం వచ్చింది. లక్ష్మణమ్మకది ఆఖరి రోజు. ఉష ఆ ఉదయమే పార్సిలు పట్టుకుని పోస్టాఫీసుకు బయల్దేరింది. వెనకాల మా బావ, ఆయన వెనకాల నేను, నా వెనకాల దించే చోటు లేని గంపతో లక్ష్మణమ్మ.

పోస్టుమాస్టరు సుహాసినిగారు పార్సిలు కాటా మీద పెట్టింది. "రెండు కేజీల ఐదు వందల పది."

"అదేటి మేడం? ఒకపాలి సూడండి," అంది ఉష. "డ్రమ్ములో ఎయ్యకముందు అమ్మ తక్కెడతో సరిగ్గా మూడు కేజీలు తూసినాను. ఒక్క రాయి తియ్యలేదు."

"ఎవరూ కదలొద్దు!" అని మా బావ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. లోపల కదలడానికి మేం నలుగురమే ఉన్నాం.

"మూడు కేజీలు లోనికెల్లినాయి, రెండున్నర బైటికొచ్చినాయి. రాయి తగ్గలేదు, బరువు తగ్గినాది. అంటే దొంగ ఎవలు? ఈ కాటా! మన రొయ్యల్ని తిన్నదీ ఇదే!"

"రొయ్యలు తూసింది నీ కాటా కదా బావా."

"నిశ్శబ్దం! కాటాలన్నీ ఒక్క జాతి!"

సుహాసినిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా కాటా సరైందేనండి. కావాలంటే పరీక్షించుకోండి."

ఆ మాట కోసమే చూస్తున్నట్టు మా బావ లక్ష్మణమ్మ గంపలో చెయ్యి పెట్టి రాయి తీశాడు.

"ఈ జిల్లాలో అబద్ధమాడనిది ఇదొక్కటే. అరకేజీకి గ్రాము ఎక్కువ లేదు, తక్కువ లేదు. దీన్ని పెడతన్నాను. ఐదు వందలు సూపించకపోతే నీ కాటా దొంగ!"

టప్పుమని పెట్టాడు. నాలుగు వందల పద్దెనిమిది.

"దొరికిపోనావు! మళ్ళీ ఎనభై రెండు! బావా, రాసుకో, దొరికిపోనాది!" అని గంతేశాడు.

సుహాసినిగారు సొరుగులోంచి ప్రభుత్వం ముద్ర వేసిన అరకేజీ ఇనప బాటు తీసి కాటా మీద పెట్టింది. ఐదు వందలు.

"అయితే ఈ ఇనప ముక్క కూడా ముఠాలో..." అని మా బావ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

లక్ష్మణమ్మ గంప కింద పెట్టి, రాయిని అరచేతిలో పెట్టుకుంది. పైకీ కిందికీ ఎత్తి చూసింది.

"అరిగిపోనాదే," అంది నెమ్మదిగా.

ఉష మొహం పాలిపోయింది. "అమ్మా... ఈ రాళ్ళతోనే నాలుగు వారాలు తిప్పినాను. పైనున్న గరుకే పోతాదనుకున్నాను. తూసి సూడాలని తోసినేదు. ఆ బురదలో ఎల్లిపోనాదమ్మా. మునగసెట్టు కింద పోసేసినాను."

"రాయి అరుగుతాదేటి?" అన్నాడు మా బావ, ఇంకా నమ్మలేక.

"మనుషులరిగిపోతన్నారు కండక్టరు బాబూ, రాయెంత?" అంది లక్ష్మణమ్మ. కూతురి తల నిమిరింది. "ఏడవకే. దొంగతనం లేదు. గానీ తూకం తక్కువే. పదిరోజులు అందరికీ తగ్గించి పోసినాను. అది నానే సెప్పాల."

బయటికొచ్చాక మా బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "సూసినావా బావా? మొదట్నుంచీ నా అనుమానం ఆ రాయి మీదే."

లక్ష్మణమ్మ ఎవరినీ వెంట రమ్మనలేదు. జంక్షన్‌కు వెళ్ళి వరస ముందు నిలబడి జరిగిందంతా తనే చెప్పింది. తవిటమ్మ రాయిని తన ఇనప బాటుతో తూచి, తేడా చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మ! మీ గుంట రాయికి నలుగెట్టి తలంటు పోసినాదేటే! కూకో, కూకో. గంప దించు."

ఉష మర్నాడు మా బావ కాటా పట్టుకుని బీచికి వెళ్ళింది. ఇచ్చింది మా చెల్లి. మా బావను అడగలేదు. సరిగ్గా అరకేజీ రాయి ఎంత వెదికినా దొరకలేదు గానీ, ఎనభై రెండు గ్రాముల గులకరాయొకటి దొరికింది. ఇప్పుడు లక్ష్మణమ్మ తక్కెడలో నున్నటి రాయీ గరుకు పిల్లరాయీ పక్కపక్కన కూర్చుంటున్నాయి.

సోమవారం లక్ష్మణమ్మ కొన్నవాళ్ళకు కొన్నంత తూచి, ఆ పదిరోజుల లోటుకు పైన గుప్పెడు రొయ్యలు కొసరు వేసింది. రొయ్యలకు కొసరన్నది మా ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. జనం విరగబడ్డారు. మా బావ చొక్కాకు ఇస్త్రీ చేయించుకుని, అందరికంటే పెద్ద సంచీ పట్టుకుని వచ్చాడు. కేసు ఛేదించినవాడికి రెండు గుప్పిళ్ళైనా పడతాయని ఆయన లెక్క.

లక్ష్మణమ్మ రొయ్యలు పోసింది. ముల్లు ఒక వెంట్రుక అటు మొగ్గింది. ఒక రొయ్య తీసి, దానికంటే చిన్నది వేసింది. ముల్లు నిలబడింది. రొయ్యలు సంచీలో ఒంపింది.

మా బావ సంచీ మూతి ఇంకా తెరిచి పట్టుకునే ఉన్నాడు. "కొసరు?"

"నీకెయ్యను బాబూ," అంది లక్ష్మణమ్మ. "గ్రాము ఎక్కువొస్తే మళ్ళీ కేసెడతావు."

వరస వరసంతా గొల్లున నవ్వింది. అప్పట్నుంచీ రొయ్యలకు మా చెల్లి నన్నే పంపుతోంది.