అసలు దాఖలు చేయని బొమ్మలు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు పురప్రముఖులకు ఒక లోటు కనిపించింది. సర్కారు కచేరీలు వచ్చాయి. కచేరీలు పెట్టడానికి గుడారాలు వచ్చాయి. గుడారాలను ఎగరగొట్టే గాలి ముందునుంచే ఉంది. మహాకవి ఒక్కడే లేడు. కోస్తా జిల్లాల్లో కవులు వీధికి ఇద్దరు చొప్పున ఉండి, ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటూ కాలక్షేపం చేస్తుంటే, రాజధాని గల జిల్లా కవుల విషయంలో లోటు జిల్లాగా మిగలడం పరువుతక్కువ అని సాహిత్య సేవా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘం కార్యదర్శి రామలింగప్ప పత్తి వ్యాపారి. సర్కారుకు గుడారాలు అద్దెకిచ్చిన నాటినుంచి ఆయనకు సాహిత్యమంటే ప్రాణం.

వెదకగా వెదకగా పత్తికొండలో ఒక కవి బయటపడ్డాడు. పేరు అయ్యన్న పంతులు, వృత్తి బడిపంతులు. కరువు మీద 'చీమల వంతు' అనే పద్యకావ్యం రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, కొనే నాథుడు లేక కట్టలన్నీ అటకెక్కించి, ఆనక తానూ పోయాడు. సంఘానికి ఆయన అన్ని విధాలా నచ్చాడు. పోయిన కవి బస్సు ఛార్జీలు అడగడు. ఉపన్యాసం మధ్యలో లేచి పద్యం చదువుతానని పట్టుబట్టడు. అందుచేత ఆయన్ను మహాకవిగా ఖాయపరిచారు. ఆ నిర్ణయానికి కావ్యం చదవవలసిన అవసరం ఎక్కడా రాలేదు.

చదివిన మనిషి ఒకడు కోడుమూరులో ఉన్నాడు. గురప్ప అని నేతగాళ్ల ఇంటి బిడ్డ. మద్రాసులో బొమ్మల విద్య నేర్చుకుని వచ్చి, తండ్రి మగ్గం పక్కనే కూర్చుని, ఆ కావ్యంలోని ఘట్టాలను ఉలితో చెక్క మీద చెక్కాడు. చెక్కకు నల్లసిరా పూసి, మందపాటి కాగితాల మీద అచ్చు తీశాడు. నాలుగేళ్లు పట్టింది. ఎందుకింత కష్టమంటే, ఒకప్పుడు అతను కావ్యం వెదుక్కుంటూ పత్తికొండ పోయి కవిగారి భార్య హనుమంతమ్మకు పద్యాలు చదివి వినిపించాడు. ఆమెకు అక్షరం రాదు. ఆ సంస్కృత సమాసాలు ఒక్కటీ ఆమెకు కొరుకుడు పడలేదు.

“మా ఆయప్ప దీపం ముందర పెట్టుకోని ఏందేందో రాస్తాండె. ఏం రాసినాడో ఇన్నేండ్లయినా నాకు తెల్దు నాయనా. నేను సచ్చే లోపల ఎట్లన్నా తెలిసేట్లు చెయ్యి” అంది.

“బొమ్మలేసి చూపిస్తానవ్వా” అని గురప్ప మాట ఇచ్చాడు.

మహాకవి పేరిట ఏదో ఒకటి చేయాలి గనుక సంఘం ఒక గుడారంలో ఆ బొమ్మల ప్రదర్శన, సభ ఏర్పాటు చేసింది. గురప్పకు సంబంధించినంత వరకు ప్రదర్శన అంతా ఆ ఒక్క ముసలామె కోసమే. మిగతా ఊరంతా వచ్చినా సరే, రాకపోయినా సరే. ముఖ్యంగా ఆమె చూడవలసిన బొమ్మ ఒకటుంది. కరువులో ఒక ఆడమనిషి చీమలపుట్ట తవ్వి, చీమలు దాచుకున్న గింజలు కొంగులోకి ఎత్తుకుని, ఎత్తుకున్నదాంట్లో సగం మళ్లీ పుట్టలో పోసి మన్ను కప్పుతుంది. కావ్యంలో ఆమెకు పేరు లేదు. గురప్ప మాత్రం ఆమెకు హనుమంతమ్మ ముఖం పెట్టాడు. ఆ బొమ్మనే అన్నిటికంటే ఎక్కువ ప్రతులు తీశాడు. ప్రదర్శన నాటికి బస్సెక్కి రమ్మని ఆమెకు కబురు పంపాడు.

ఆ రోజు గుడారం గుడ్డకు గుండుసూదులతో బొమ్మలు తగిలించారు. మిగిలిన ప్రతులు బల్ల మీద కట్టలుగా పేర్చారు. సభాధ్యక్షులవారు వేంచేశారు. ఆయన రిటైరైన డిప్యూటీ కలెక్టరు. కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మను వదిలిపెట్టి, మొదటి కాగితం అంచులు నాలుగూ పరీక్షించారు. తర్వాత బల్ల మీది కట్ట చూశారు.

“ఇదే బొమ్మ అక్కడ కూడా ఉందే?”

“ఉందయ్యా. అన్నీ ఒకే చెక్క మీద నుంచి అచ్చు తీసినవి” అన్నాడు గురప్ప.

“అయితే ఇది నకలు. అసలేది?”

“వేరే అసలంటూ ఉండదయ్యా. అచ్చు తీసిన ప్రతిదీ అసలే.”

అధ్యక్షులవారు కళ్లద్దాలు తీశారు. “ముప్పై ఏళ్లు రెవిన్యూలో పనిచేశాను. అన్నీ అసళ్లే అన్న మనిషిని ఒక్కణ్ణే చూశాను. వాణ్ణి జైలుకు పంపించాను.”

సభలో ఉన్నది ముక్కాలు మువ్వీసం గుమాస్తాలు. అసలు దాఖలు చేయనిదే నకలు చెల్లదనే సత్యం మీదనే వాళ్ల సంసారాలు నడుస్తున్నాయి. అందరూ తలలూపారు. రామలింగప్పకు చెమటలు పట్టాయి.

“ఏమప్పా గురప్పా, పెద్దాయప్ప అడుగుతాంటే ఎదురు సెప్తాండావే? అసలు యాడ పెట్టినావో బయటికి తీ!”

గురప్ప చేసేది లేక ట్రంకుపెట్టె తెరిచి చెక్క అచ్చులు తెచ్చాడు. నల్లగా, బొమ్మ తిరగబడి, ఏమిటో పోల్చుకోలేకుండా ఉన్నాయి. అధ్యక్షులవారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, “ఇదీ అసలంటే. బరువుంది” అని సెలవిచ్చారు. నకళ్లు సభకు అప్రదిష్ట గనుక తక్షణం తొలగించమన్నారు. గుడ్డ మీదివీ, కట్టల్లోవీ అన్నీ ఎత్తి గుడారం వెనక్కి చేర్చారు.

అచ్చులను పట్టుగుడ్డ మీద పెట్టారు. ముందువరుసలోని పుణ్యస్త్రీలు వాటికి పసుపు రాసి కుంకుమ పెట్టారు. నిజానికి ఆ వరుస కవిగారి కుటుంబానికి కేటాయించినది. కవిగారి కుటుంబం ఎవరో సంఘానికి తెలియనందున రామలింగప్ప బావమరిది కుటుంబం ఆ బాధ్యత స్వీకరించింది. కొబ్బరికాయ కొట్టడానికి గుడారంలో రాయి కనిపించలేదు. కార్యదర్శి సమయస్ఫూర్తి గలవాడు. పుట్ట బొమ్మ చెక్కిన అచ్చు మీదనే కొట్టాడు. కాయ బాగా పగిలింది. అచ్చు కూడా నిలువునా పగిలింది. శుభసూచకమని చప్పట్లు మోగాయి.

నాలుగేళ్ల కష్టం కళ్లముందు కొబ్బరినీళ్లలో నానుతున్నా, కనీసం అవ్వ వస్తే చూపడానికి కాగితాల మీది బొమ్మలు ఉన్నాయి కదా అని గురప్ప గుండె చిక్కబట్టుకున్నాడు. మాటిమాటికీ వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు.

అధ్యక్షోపన్యాసం గంభీరంగా సాగింది. “సోదరులారా! 'చీమల వంతు' కావ్యంలోని వసంత వర్ణన నభూతో నభవిష్యతి! ముఖ్యంగా నాయికా నాయకుల జలక్రీడలు వర్ణించిన పట్టున, చదివే మనకు కూడా నీళ్లలో మునిగినట్లుంటుంది!” కరువు కావ్యంలో జలక్రీడలు ఎట్లా వచ్చాయని ఎవరూ అడగలేదు. ఆ వేసవి కర్నూలులో బావులు ఎండి ఉన్నాయి. ఆ కాసేపైనా నీళ్ల మాట వినబడింది కదా అని జనం సంతోషించారు.

ఉపన్యాసం కాగానే బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. వరుస విందుల దెబ్బకు రాజధానిలో విస్తర్లు కరువయ్యాయి. వంటవాడు గుడారం వెనక కాగితాల కట్టలు చూసి, ఒకటి వంచి చూసి, “శానా గట్టి కాగితం. నూనె కారదు” అన్నాడు. గురప్ప చిత్రకళకు కర్నూలులో దక్కిన ప్రశంస ఇది. అందరూ తిన్నారు, చేతులు తుడుచుకున్నారు, పారేశారు.

గురప్ప బయటికి వచ్చేసరికి బొమ్మలన్నీ మట్టిలో పడి ఉన్నాయి. కొన్నిటిని కుక్కలు నాకుతున్నాయి. మిగతావాటికి చీమలు పట్టాయి. ఆ ప్రదర్శనలో బొమ్మలన్నీ ఓ మూలనుంచి ఇంకో మూల దాకా తీరిగ్గా తిరిగి చూసినవి అవే. అవ్వ రాకుండా ఉంటే బాగుండునని గురప్ప అప్పుడు మొదటిసారి అనుకున్నాడు.

ఆమె వచ్చే ఉంది. పాసు లేదని వాకిలి కాపలా లాజరు లోపలికి పోనివ్వలేదు. “పెద్దోళ్లుండారవ్వా, ఆడ కూచో, తినేకి పెడతారు” అని బిచ్చగాళ్ల వరుసలో కూర్చోబెట్టాడు. హనుమంతమ్మ ఉగ్గానిని కొంగులోకి వొంపుకుని, కాగితం మీది నూనెను చీర అంచుతో అద్దుతోంది.

“అందరికీ పెడతాంటే నాకూ పెట్టిరి నాయనా. రోంత పక్కకు తీసి చూస్తే అడుగున నేనుండా” అంది తల ఎత్తకుండా. “సగం గింజలు మళ్లీ పుట్టలోనే పోసొచ్చిన సంగతి ఆయప్పకు సెప్పలే. ఇంట్లో పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాంటే చీమలకు పోసి వస్తివా అని కొడతాడేమోనని భయం. ఇన్నేండ్లూ దాచిపెట్టుకుంటి. ఆయప్ప చూసినాడే! చూసి గూడ ఒక్క మాట అనలే.”

గురప్ప ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు.

అంతలో రామలింగప్ప పరుగున వచ్చాడు. సర్కారుకు పంపే రిపోర్టుకు ఒక బొమ్మ జతపరచాలట. చెక్క అచ్చును కవరులో పెట్టడం కుదరదు గనుక నకలు పనికివస్తుందట. ఎత్తి చూసిన ప్రతి కాగితమూ జిడ్డోడుతోంది. ముసలామె చేతిలోది కాస్త శుభ్రంగా కనబడింది.

“అవ్వా, అది ఇట్లియ్యి. సర్కారుకు పంపల్ల. దాంట్లో ఏముండాదో పెద్దోళ్లు చూడల్ల.”

“నువ్వు ఉగ్గాని తింటివా నాయనా?”

“తింటి.”

“నీ కాయితంలో ఏముండాదో చూస్తివా?”

రామలింగప్ప కండువా సర్దుకుని, ఎవరో పిలిచినట్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆమె కాగితాన్ని మడవకుండా, పసిబిడ్డను ఎత్తుకున్నట్లు ఎత్తుకుని బస్సుకు నడిచింది. గురప్ప వెంట పోయి ఎక్కించి వచ్చాడు.

ప్రదర్శన దిగ్విజయంగా జరిగిందనీ, బొమ్మల్లో ఒక్కటి కూడా మిగలలేదనీ రిపోర్టు వెళ్లింది. పగిలిన అచ్చు సంఘం కచేరీలో పసుపు కుంకుమలతో ఉంది. గురప్ప మగ్గంలో కూర్చున్నాడు, చీరలు బాగా నేస్తాడని పేరు తెచ్చుకున్నాడు. 'చీమల వంతు' ప్రతులు పత్తికొండలో అటక మీదనే ఉన్నాయి, అడిగితే హనుమంతమ్మ ఊరికే ఇస్తుంది. అయితే ఈ కథ చెప్పిన ప్రతిచోటా, రామలింగప్పను చూసి కడుపుబ్బ నవ్విన పెద్దమనుషులు, నవ్వడం అయ్యాక ఆ ఉగ్గాని వండింది ఎవరని అడిగారు గాని, ఆ కావ్యం ఒక ప్రతి దొరుకుతుందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.