పికోలి గారి మనస్సాక్షి, శుక్రవారం నీళ్ళు

మనస్సాక్షి ఉన్న ఆఫీసరు దొరకడం ఊరికి అదృష్టమండీ! నవ్వకండి. నేను ఆరో క్లాసు దాటనివాణ్ణే, మీ వీధిలో నీళ్ళు పోసే ట్యాంకర్ డ్రైవర్నే. అయినా ఈ ముక్క మాత్రం స్టాంపు గుద్ది మరీ చెప్తున్నా.

మన పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు పికోలి గారినే చూడండి. ఆడా ఆడా, మగా మగా పెళ్ళాడొచ్చంటుంది మన దక్షిణాఫ్రికా చట్టం. "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అని ఆఫీసరు మంత్రిగారికి ఒక ఉత్తరం రాసుకుంటే ఆ పెళ్ళి చెయ్యక్కర్లేదనీ అదే చట్టం! పికోలి గారు రాసేశారు. ఎంత సుఖం!

ఆ మనస్సాక్షి ఎంత నాజూకైందో తెలుసా? మాంసం కొట్టు మఖాయాకి నాలుగో పెళ్ళి చేస్తుంటే కిక్కురుమనలేదు. డెబ్భై రెండేళ్ళ తాతకి ఇరవయ్యేళ్ళ పిల్లతో పెళ్ళంటే ఆవలించింది. ఆయన పదింటికి టీకి లేచి పన్నెండింటికి సీట్లోకొస్తుంటే గుర్రు పెట్టి నిద్రపోయింది. మా మేనకోడలు తొజామా, దాని జోడీ బులెల్వా చెయ్యీ చెయ్యీ పట్టుకుని కౌంటర్ దగ్గరికెళ్ళారో లేదో, ఉలిక్కిపడి లేచింది!

తొజామా మొహం వేలాడేసుకుని బయటికొచ్చింది.

"మామా, పికోలి గారు లేరంట."

"ఎవరే చెప్పింది?"

"పికోలి గారే!"

మా లోబోలా మాటలకి, అదే కన్యాశుల్కం మాటలకి, మీలో చాలామంది వచ్చారుగా? మగపెళ్ళివాళ్ళు ఆడపెళ్ళివారి గేటు బయట నిలబడి బతిమాలాలి, అదీ పద్ధతి. ఇక్కడేమో ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే! బులెల్వా వాళ్ళొచ్చి బతిమాలతారని మేం మా ఇంట్లో బిగుసుకు కూర్చున్నాం. మేం వస్తామని వాళ్ళు వాళ్ళింట్లో బిగుసుకున్నారు. రెండు గేట్లూ ఖాళీ! మధ్యాహ్నానికి గొర్రె ఉడికిన వాసన తట్టుకోలేక రోడ్డు మధ్యలో కలుసుకున్నాం.

ఆ వేళ గొర్రె తలకాయ ముందు చతికిలబడి రెండు చెవులూ లాగించిందెవరు? పికోలి గారే! అప్పుడు మనస్సాక్షి ఏం చేస్తోంది? మూలుగ జుర్రుతోంది.

మా అమ్మకి తొంభై ఒకటి. మనవరాలి పెళ్ళి కళ్ళారా చూస్తానని ఒకటే పట్టు. మనస్సాక్షి లేని ఆఫీసరు మాకు దగ్గర్లో దొరికేది రెండొందల కిలోమీటర్ల అవతలే. అదీ కంకర రోడ్డు. మా అమ్మ నడుం సంగతి మంత్రిగారికి ఎవరూ రాయలేదు.

సరే, నేనూ గవర్నమెంటు నౌకర్నేగా! నాకు మాత్రం ఉండదా మనస్సాక్షి? మునిసిపాలిటీకి ఉత్తరం పెట్టా: "గొర్రె తిని సంతకం పెట్టనివాళ్ళ డ్రమ్ములో నీళ్ళు పొయ్యడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు." ట్యాంకర్ తీసుకెళ్ళి పికోలి గారి గేటు ముందు ఆపి, పైపు చంకలో పెట్టుకుని నించున్నా.

తల నిండా సబ్బు నురగతో వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, పైపు వదులు!"

"నేను లేనమ్మా చెల్లెమ్మా."

"ఎదురుగా దున్నపోతులా నించుని లేనంటావేంటి?"

"మీ ఆయన దగ్గరే నేర్చుకున్నా!"

నవ్వుదామనుకుందో తిడదామనుకుందో, ఈలోపు సబ్బు కళ్ళలోకి దిగింది. ఇంక నావల్ల కాలేదండీ. వదిలేశా. డ్రమ్ము పొర్లేదాకా పోశా. చేతకాని మనస్సాక్షి నాది! ఎదుటివాళ్ళకి నీళ్ళు కావాలంటే చాలు, ఎవరు, ఎవరితో కాపురం చేస్తున్నారు అని అడగడం రాదు దానికి. ఆరో క్లాసుతో ఆపేస్తే ఇంతే!

అందుకని అయ్యలారా, అమ్మలారా, శుక్రవారం ట్యాంకర్ రాదు. ఊరికి డ్రైవర్ని నేనొక్కణ్ణే, ఆ పిల్లకి మేనమామనీ నేనొక్కణ్ణే. మా అమ్మ నడుం కింద మూడు దిండ్లేసి, కంకర రోడ్డు మీద మెల్లగా తీసుకెళ్తున్నాం. గురువారమే బకెట్లు నింపి పెట్టుకోండి.

నీళ్ళు రాలేదని ఫిర్యాదులుంటే పెళ్ళిళ్ళ కౌంటర్లో ఇవ్వండి. పికోలి గారు లేరంటారు. ఎవరంటారో చూసుకోండి.