నూట పదిహేడేళ్ల పిండి

బుధవారం పొద్దున వెండెల్ క్రోగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా మిగిలిన మూడు కళాఖండాల తనిఖీ పత్రాలు పూర్తి చేయాలి. పన్నెండింటికి ఇంటి నుంచి తెచ్చుకున్న, ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల క్యాసరోల్ వేడి చేసుకుని తినాలి. సాయంత్రం ఇంటికెళుతూ, శుక్రవారం ప్రారంభోత్సవానికి వేసుకోవలసిన కోటు ఇస్త్రీకి ఇవ్వాలి. మినియాపొలిస్‌లోని ఆ మ్యూజియంలో అతను రిజిస్ట్రార్. బయటి నుంచి వచ్చిన ప్రతి కళాఖండాన్నీ భూతద్దంతో చూసి, ఎక్కడ గీత ఉందో, ఎక్కడ మరక ఉందో రాసుకుని, తిరిగి వెళ్లేటప్పుడు అదే గీతతో, అదే మరకతో సాగనంపడం అతని ఉద్యోగం. పంతొమ్మిదేళ్లలో అతని చేతి మీదుగా ఒక్క వస్తువుకు కూడా కొత్త గీత పడలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకునే రకం కాదు గానీ, ఎవరైనా అడిగితే బాగుండునని మాత్రం రోజూ అనుకుంటాడు.

మూడేళ్లకోసారి జరిగే ఈ ప్రదర్శన అంటేనే అతనికి గుండెదడ. దేశం నలుమూలల నుంచి ముప్ఫై నలుగురు కుర్ర కళాకారులు. ఒక్కరికీ ముప్ఫై అయిదు నిండలేదు. పాతకాలపు చిత్రకారులతో ఏ గొడవా లేదు. వాళ్లు చచ్చి స్వర్గాన ఉన్నారు కాబట్టి గోడకు తగిలిస్తే అక్కడే ఉంటారు. వీళ్లు బతికున్నారు, పైగా ఫోన్లు చేస్తారు. ఒకతను లారీ టైర్లతో చర్చి గంటలు చేశాడు. టెక్సస్ అమ్మాయి ఒకతె రంగురంగుల ఇసుకతో నేలమీద తివాచీ పరిచింది. దాని పక్కన తుమ్మాలంటే బయటికెళ్లి తుమ్మి రావాలి.

ఇరవై ఏడో నంబరు వస్తువు నార్త్ డకోటా నుంచి వచ్చింది. సిగ్నీ ఓస్టర్‌గార్డ్ అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయిది. ఒక వంటింటి బల్ల, దానిమీద అల్లిక పనిచేసిన గుడ్డ, ఒక కుర్చీ, మూత పెట్టిన ఒక జాడీ. పేరు ‘మా ఇంట్లో పెద్దది’. ఆ పెట్టె నంబరు సరిచూసుకోవడానికి వెండెల్ నేలమాళిగలోకి దిగాడు. ఖాళీ పెట్టె మూత లోపలివైపు అంటించిన కవరొకటి అప్పుడు అతని కంటబడింది. దింపుకున్నప్పుడు ఎవరూ చూడలేదు. విప్పి చదివాడు.

‘ఈ జాడీలో ఉన్నది 1907లో మా ముత్తాతగారి తల్లి నార్వే నుంచి కోటు లోపల దాచుకుని తెచ్చిన తోడుపిండి. పాలకు తోడు ఎలాగో మా రొట్టెలకు ఇది అలాగ. అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తూ నూట పదిహేడేళ్లుగా బతికే ఉంది. రోజూ రెండు గరిటెల పిండి, కాసిని నీళ్లు పెట్టండి. చలి తగలనివ్వకండి. శుక్రవారం సాయంత్రం మా నానమ్మ దీంతోనే అట్లు పోసి వచ్చినవాళ్లందరికీ పెడుతుంది.’

చలి అన్న మాట దగ్గర వెండెల్ ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాడు. ఆ మ్యూజియంలోకి కర్రా గుడ్డా ఏది వచ్చినా ముందు వారం రోజులు చలిగదిలో పెట్టడం ఆచారం. సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువన. కంటికి కనబడని పురుగూ పుట్రా ఉంటే చావాలని. ఇరవై ఏడో నంబరును కూడా పెట్టారు. బల్ల, గుడ్డ, కుర్చీ, జాడీ, మొత్తం. కింద సంతకం అతనిదే. బతికున్నది ఏదున్నా చావాలనే కట్టిన గదిలోకి, బతికున్న దాన్ని స్వహస్తాలతో పంపాడు.

పరుగున మేడమీదికి వెళ్లి, తెల్ల తొడుగులు వేసుకుని జాడీ మూత తీశాడు. దింపుకున్న రోజున తాను రాసుకున్న పత్రం చేతిలోనే ఉంది. ‘లోపల లేత గోధుమరంగు ముద్ద. పైన బుడగలు పదకొండు.’ ఇప్పుడు ముద్ద బూడిదరంగులో ఉంది, పైన నల్లటి నీరు తేలింది. బుడగలు లెక్కపెట్టాడు. సున్నా. ఇంకోసారి లెక్కపెట్టినా సున్నాయే.

“ఏంటయ్యా, అందులో తల దూర్చేశావు?” అని వెనక నుంచి గొంతు వినిపించింది. రమోనా ట్రెవీన్యో. వస్తువులు మోసి, నిలబెట్టి, తగిలించే జట్టుకు పెద్ద. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు ఏడిపించుకుంటూనే పనిచేస్తున్నారు.

“ఏం లేదు. మూత సరిగ్గా ఉందో లేదోనని.”

“ఉంటుందిలే. నేనే కదా పెట్టింది,” అంది రమోనా. ఆమె నవ్వు ఎందుకో సగంలో ఆగింది. “దాని దగ్గరికి మాటిమాటికీ వెళ్లకు. దుమ్ము పడుతుంది.”

తనను అనుమానిస్తోందని వెండెల్‌కు అర్థమైపోయింది. క్యాసరోల్ సంగతి మరిచిపోయి, పక్కవీధి బేకరీకి నడిచాడు. అక్కడి ముసలాయన దగ్గర ఒక కప్పు తోడుపిండి అడిగి తెచ్చుకున్నాడు. అందరూ భోజనానికి వెళ్లిన సమయంలో నల్లనీరు వంపేసి, కొత్తది కలిపి, మూత పెట్టి, తేలు కుట్టిన దొంగలా తన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నూట పదిహేడేళ్లు! సముద్రం దాటి, మంచు తుఫానులు దాటి, నాలుగు తరాల ఆడవాళ్ల చేతుల్లో పెరిగిన ప్రాణం తన ఒక్క సంతకంతో పోయింది. అతనికి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురువారం పొద్దున జాడీలో బుడగలు కనిపించాయి. పదకొండు కాదు, ఇరవై మూడు. వెండెల్‌కు కొంచెం ప్రాణం లేచివచ్చింది. కానీ ఆ రోజంతా ఏదో తేడాగానే ఉంది. రమోనా నల్ల అంగీ మీద తెల్లటి పొడి కనిపించింది. “గోడకు సున్నం కొట్టించాను,” అంది, అడక్కుండానే. మధ్యాహ్నం క్యూరేటర్ మినా హ్వాంగ్ జాడీ ఉన్న గదిలోంచి చంకలో ఫ్లాస్కుతో బయటికొస్తూ ఎదురుపడింది. ఈ ముప్ఫై నలుగురినీ రెండేళ్లు దేశమంతా తిరిగి ఏరుకొచ్చింది ఆమే.

“గదిలోకి తినేవీ తాగేవీ తీసుకురాకూడదని నియమం పెట్టింది మీరే కదండీ?” అన్నాడు వెండెల్ నెమ్మదిగా.

“ఖాళీ ఫ్లాస్కు వెండెల్ గారూ! పూర్తిగా ఖాళీ. మీరు మరీ అన్నీ గమనిస్తారు,” అని ఆమె గబగబా వెళ్లిపోయింది.

ఆమెకూ తెలిసిపోయిందనుకున్నాడు వెండెల్. రాజీనామా ఉత్తరం మొదటి వాక్యం మనసులో రాసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కాపలా ఆవిడ వైర్‌లెస్‌లో పిలిచింది. “సార్, ఇరవై ఏడో నంబరు లేస్తోంది.”

“లేవడమేంటి?”

“మీరే వచ్చి చూడండి సార్. నాకు చెప్పడం రావట్లేదు.”

వెండెల్ వెళ్లేసరికి జాడీ మూత ఒకవైపుకు ఒరిగి టోపీలా ఉంది. దానికింద నుంచి పిండి తీరుబడిగా పైకొస్తోంది. జాడీ పొట్టమీదుగా దిగి, అల్లిక గుడ్డను కమ్మేసి, బల్ల అంచుకు చేరుకుంది. అలవాటు కొద్దీ పత్రం తీసి ‘ఎత్తు పద్నాలుగు అంగుళాలు’ అని రాశాడు. రాసేలోగా పదిహేనైంది. రమోనా అప్పటికే పరుగెత్తుకొచ్చింది.

“చూస్తావేంటి మహానుభావా! నేలమీద పడితే నేరుగా ఇసుక తివాచీలోకే!”

అవును, నేల అటే వాలుగా ఉంది. టెక్సస్ అమ్మాయి పన్నెండు రోజులు మోకాళ్లమీద కూర్చుని పోసిన ఇసుక నాలుగడుగుల దూరంలో ఉంది. పిండి చప్పుడు లేకుండా బల్లమీంచి జారి, నేలను తాకి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, ఇసుకవైపే బయలుదేరింది. రమోనా అద్దాల పలకలు తెచ్చి అడ్డం నిలబెట్టింది. వెండెల్ తెల్ల తొడుగులతో రెండు చేతులా తోడి బకెట్లో వేస్తుంటే, తొడుగులు పిండిలోనే ఉండిపోయి చేతులు మాత్రం బయటికొచ్చాయి. హ్వాంగ్ ఎత్తుమడమల చెప్పులు విప్పేసి, ప్రారంభోత్సవానికి వేసుకున్న పట్టుగౌనుతోనే నేలమీద బోర్లా పడుకుని, ప్రదర్శన పుస్తకాల దొంతరతో గట్టు కట్టింది.

“పుస్తకాలండీ!” అన్నాడు వెండెల్.

“ఇసుక మళ్లీ రాదయ్యా! పుస్తకాలు మళ్లీ వేయించుకుంటాం!”

ఇసుకకు ఇంకా జానెడు దూరం ఉందనగా పిండి ఆగింది. ముగ్గురూ కదలకుండా చూశారు. నిజంగానే ఆగింది. వెండెల్ నేలమీద చతికిలబడి పంతొమ్మిదేళ్లలో మొదటిసారి మ్యూజియం గోడకు వీపు ఆనించాడు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

ముందు సిగ్నీ వచ్చింది, చేతిలో ఇనుప పెనంతో. ఆమె వెనక ఎనభై నాలుగేళ్ల నానమ్మ ఆర్డిస్, పూల గౌను మీద మంచుకాలపు కోటుతో. సిగ్నీ బల్లను చూసింది, నేలను చూసింది, పిండి కొట్టుకుపోయిన ముగ్గురు పెద్దమనుషుల్ని చూసింది. పెనం కింద పెట్టేసింది.

“ఏం చేశారు దాన్ని?”

ఇక కక్కలేక మింగలేక ఉండటం తనవల్ల కాదనుకున్నాడు వెండెల్. లేచి నిలబడ్డాడు. “అమ్మా, మీ పిండిని నేను చంపేశాను. చలిగదిలో పెట్టించింది నేనే. మీ ఉత్తరం చూసేసరికే అయిపోయింది. ఇప్పుడందులో ఉన్నది బేకరీ నుంచి తెచ్చి పోసింది. వీళ్ల తప్పేమీ లేదు. ఉద్యోగం వదిలేస్తాను, కానీ దానివల్ల అది తిరిగి రాదని నాకు తెలుసు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు.”

రమోనా అతన్ని వింతగా చూసింది. “నువ్వు చంపడమేంటి? చంపింది నేను! దీపం వేడి తగిలేచోట జాడీ పెట్టి ఉడికించేశాను. మొన్న చూస్తే నల్లనీళ్లు. భయమేసి కొట్లోంచి ఈస్ట్ పొట్లాలు తెచ్చి పోశాను.”

“ఎన్ని?” అన్నాడు వెండెల్.

“ఆరు.”

హ్వాంగ్ నేలమీంచి లేవకుండానే చెయ్యెత్తింది. “రోజూ పిండి పెట్టమని సిగ్నీ నాకు నెలక్రితమే మెయిల్ పెట్టింది. మీ ఇద్దరికీ పంపడం మరిచిపోయాను. ఆకలితో చచ్చిపోయిందనుకుని మా ఇంట్లో ఉన్న తోడుపిండంతా ఫ్లాస్కులో పోసుకొచ్చి కలిపాను.”

మూడు రోజులుగా ఎవరికివారే హంతకులు. సిగ్నీ కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఆ కుర్చీ కూడా కళాఖండమేనని చెప్పే ధైర్యం వెండెల్‌కు లేకపోయింది.

ఆర్డిస్ మాత్రం కోటు విప్పి వెండెల్ చేతికిచ్చింది. జాడీ దగ్గరికి వెళ్లి, వేలితో కొంచెం పిండి తీసి వాసన చూసింది, నాలుకమీద వేసుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది.

“ఫర్వాలేదు,” అంది.

వాళ్ల ప్రాంతంలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. సిగ్నీ ఏడుపు ఆపి తలెత్తింది. “ఫర్వాలేదేంటి నానమ్మా? అది చచ్చిపోయింది! నూట పదిహేడేళ్లు బతికింది చచ్చిపోయింది!”

“ఎందుకే అంత రాద్ధాంతం? అది డెబ్భై తొమ్మిదిలోనే ఓసారి చచ్చింది.”

ఆర్డిస్ వేలికంటిన పిండి గౌనుకు తుడుచుకుంది.

“ఆ శీతాకాలం మీ తాత పొయ్యి ఆర్పేసి పడుకున్నాడు. పొద్దున లేచి చూద్దును కదా, ఇదిగో, ఇలాగే నల్లనీళ్లు. మా అత్తకు తెలిస్తే కొంప కూల్చేస్తుంది. చర్చి గుమాస్తా బెవర్లీ దగ్గర ఓ గిన్నెడు తెచ్చి పోశా. తర్వాత తొంభై ఒకటిలో ఒకసారి. పెద్ద వరదొచ్చిన ఏడాది ఇంకోసారి.”

“మరి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదేం?”

“ఎంత వయసని అడిగావు, చెప్పాను. మధ్యలో చచ్చిందా అని నువ్వు అడగలేదు.”

“అత్తగారు కనిపెట్టలేదా అండీ?” అని వెండెల్ అడగకుండా ఉండలేకపోయాడు.

ఆర్డిస్ నవ్వింది. “ఆవిడ మంచంలో ఉన్నప్పుడు నేనే చెప్పుకున్నా, మోయలేక. ఆవిడ ఏమందో తెలుసా? ‘ఓసి పిచ్చిదానా, నాకు కాపురానికొచ్చిన రెండో నెలలోనే చచ్చింది, మా అత్త చూడకుండా బీరు పోసి నిలబెట్టా’ అంది. అన్నేళ్లూ నన్ను ఉరిమి చూసింది అందుకేనట. నేనెక్కడ కనిపెడతానోనని.”

“అయితే నార్వే నుంచి వచ్చిందేంటి?” అంది సిగ్నీ, గొంతు కీచుగా. “జాడీ అయినా నిజమా?”

“జాడీ చర్చివాళ్ల పాతసామాన్ల అమ్మకంలో కొన్నది. అసలుది మీ నాన్న బంతి తగిలి పగిలింది.”

సిగ్నీ నోరు తెరుచుకుని కూర్చుంది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. మళ్లీ ఏడుస్తోందనుకున్నాడు వెండెల్. కాదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి, పిండి అంటిన బల్లమీదే తల పెట్టేసింది. ఆ ఇంటి అత్తాకోడళ్ల నుంచి మ్యూజియం ఉద్యోగులు ముగ్గురి దాకా, ఆ జాడీ ముందు నిలబడిన ప్రతివాళ్లూ ఒకే పని చేశారు. వెండెల్ గుండెమీంచి మూడు రోజుల బండ దిగింది. ఎంత తేలికపడ్డాడంటే, కోటు పట్టుకుని నిలబడ్డవాడు దాన్నే కావలించుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత ఇసుక గుర్తొచ్చి గబుక్కున నోరు మూసుకున్నాడు.

అయిదింటికి అతిథులు వచ్చేసరికి నేల శుభ్రంగా ఉంది, ఇసుక రేణువు కూడా కదల్లేదు. బకెట్లోకి తోడిన పిండి ఎవరికీ పనికిరాదు గానీ జాడీలోదే రెండువందల అట్లకు సరిపోయి, అడుగున తోడుకు కాస్త మిగిలింది. ఆర్డిస్ పెనం ముందు నిలబడింది. రమోనా అట్లు తిరగేసింది. హ్వాంగ్ చెప్పులు లేకుండానే ప్రసంగించింది. వెండెల్ ఎనిమిది అట్లు తిన్నాడు.

గది ఖాళీ అయ్యాక సిగ్నీ గోడమీది వివరాల చీటీ చూపించి, “దీన్ని మార్చాలి నానమ్మా. నూట పదిహేడేళ్లని అబద్ధం ఉంది,” అంది.

“అబద్ధమేముందే అందులో?” అంది ఆర్డిస్, పెనం తుడుస్తూ. “నూట పదిహేడేళ్లుగా చంపుతూనే ఉన్నాంగా.”

చీటీ మార్చలేదు. ప్రదర్శన జనవరి నెలాఖరు దాకా నడిచింది, పిండి ఇంకో రెండుసార్లు చచ్చింది.