ఉదాహరణకి మా ఆవిడ

ఆ రోజు మాస్టారి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బయల్దేరడం, పదింటికి డైరెక్టరు గారి ఎదుట ఒక మాదిరి పాఠం చెప్పడం, పన్నెండింటికల్లా పర్మనెంటు ఆర్డరు చేతపట్టుకోవడం. భాషలు నేర్పే ఆ సంస్థలో ఆయన ఇంగ్లీషూ స్పానిషూ రెండూ చెబుతారు. ఆనాటి పాఠం: పని అయిపోయిందనడానికి ఏ క్రియ వాడాలి, ఎప్పుడో మొదలై ఇంకా సాగుతోందనడానికి ఏది వాడాలి.

ఆయనకో అలవాటుంది. తోచిన ఉదాహరణను తోచినట్టే చీటీ మీద రాసి, ఖాళీ దొరికిన చోట అంటిస్తారు. కల్పించిన వాక్యాలు గుర్తుండవని కళ్లముందున్న మనుషుల గురించే రాస్తారు. రాశాక ఆయన చూసేది క్రియ ఒక్కటే. ఆ వాక్యం ఎవరి పరువు తీస్తోందన్నది వ్యాకరణంలో లేదు కాబట్టి ఆయన బుర్రలోనూ లేదు.

ఫ్రిజ్ మీది చీటీ చదివి భార్య అక్కడే నిలబడిపోయింది.

"'మా ఆవిడ పొద్దుటి నుంచి సణుగుతూనే ఉంది.' ఏంటండీ ఇది?"

"అది సాగుతున్న పని. కిందది చూడు. 'మా ఆవిడ ఈ వారం రెండుసార్లు పాలు మాడబెట్టింది.' ఇది అయిపోయిన పని. ఎన్నిసార్లో లెక్క చెప్పాం కదా. తేడా తెలిసిందా?"

"తెలిసింది. మీకు పెళ్లాం కనబడదు, పాఠమే కనబడుతుంది."

"అబ్బ, అర్థం చూడకే! క్రియ చూడు!"

ఆవిడ ఫ్రిజ్ మీదివి, అద్దం మీదివి, ఆఖరికి పంచదార డబ్బా మీదిది కూడా పీకి, ఆయన చిత్తు చీటీలు దాచుకునే పాత కవరులో కుక్కి చేతిలో పెట్టింది. కోపం పెరగకముందే గుమ్మం దాటాలన్న తొందరలో మాస్టారు ఆ కవరే సంచిలో వేసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టారు. రైలు రావడం గురించీ వాన కురవడం గురించీ క్లాసు కోసం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న కార్డులు బల్ల మీదే ఉండిపోయాయి.

క్లాసులో ముప్పై మంది. వెనక వరుసలో కాలు మీద కాలు వేసుకుని డైరెక్టరు గారు. మాస్టారు కవరు విప్పి, చూడకుండానే చీటీలు పంచేశారు.

"గట్టిగా చదవండి. పని అయిపోయిందా, సాగుతోందా చెప్పండి. ఆ తర్వాత స్పానిష్‌లో అనండి."

హోటల్లో పనిచేసే గుమాస్తా లేచాడు. "'మా డైరెక్టరు గారు గంట నుంచి కుర్చీలో కునుకు తీస్తున్నారు.' సాగుతోంది సార్."

"భేష్! అందరూ స్పానిష్‌లో!"

ముప్పై గొంతులు కలిసి డైరెక్టరు గారిని స్పానిష్‌లో నిద్రపుచ్చాయి. గుమాస్తా పక్కనున్నతను రెండో చీటీ అందుకున్నాడు.

"'డైరెక్టరు గారు నాకు మూడుసార్లు మాటిచ్చి తప్పారు.' ఇది అయిపోయింది సార్. లెక్క చెప్పారుగా."

"శభాష్! మళ్లీ అందరూ!"

క్లాసంతా నవ్వుతుంటే పాఠం బాగా ఎక్కిందనుకున్నారు మాస్టారు. డైరెక్టరు గారి కాలు కిందికి దిగింది, చెవులు ఎర్రబడ్డాయి. క్రియలకు చెవులుండవు కనుక మాస్టారు అదీ గమనించలేదు.

మూడోది ఒక నర్సుకొచ్చింది. ఆమె సగం చదివి గొంతు తగ్గించింది.

"'ఉద్యోగం పర్మనెంటయిందని ఐదేళ్లుగా మా ఆవిడకి అబద్ధం చెబుతున్నాను.' సాగుతోంది... సార్."

"స్పానిష్‌లో?" అంది మాస్టారి నోరు, అలవాటు కొద్దీ.

ఆమె అనేసింది. 'ఇన్నేళ్లుగా' అనాల్సిన చోట స్పానిష్‌లో ఏళ్లను 'మోస్తున్నాను' అంటారు: అబద్ధం చెబుతూ ఐదేళ్లు మోస్తున్నాను. కిందటి వారం ఆ సంగతి నేర్పింది ఈయనే. ఈసారి ఎవరూ వంత పాడలేదు.

ఆ నిశ్శబ్దంలో, పదిహేనేళ్ల పాఠాల్లో మొదటిసారి, మాస్టారికి వాక్యంలోని అర్థం వినబడింది. తలకొట్టేసినట్టయింది. "మా వారిని అక్కణ్నుంచి ఎవరూ కదపలేరు" అని పక్కింటావిడతో భార్య మురిసిపోతుంటే, తేలుకుట్టిన దొంగలా పేపరు అడ్డం పెట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ సణుగుడుకి చీటీ రాసిన చెయ్యి ఇదేనా అని సుద్దముక్క పట్టుకున్న చేతినే చూసుకుంటూ ఉండిపోయారు. గంట ఎప్పుడు కొట్టారో తెలియలేదు.

డైరెక్టరు గారు గదికి పిలిచారు. ఉద్యోగం ఊడిందనే అనుకుని మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు. అవతల కూర్చున్నాయనా తల ఎత్తలేదు.

"మూడుసార్లు కాదు మాస్టారూ, నాలుగు. ఒకటి మీరే మర్చిపోయారు" అని, సొరుగులోంచి ఆర్డరు తీసి సంతకం పెట్టారు. "మీ ఇంటి సంగతి కూడా నా వల్లే ఇంతదాకా వచ్చిందనిపించింది. తీసుకోండి."

కళ్లకద్దుకోబోయిన మాస్టారి చూపు సంతకం కింద ఆగిపోయింది. అక్కడ ఆ రోజు తేదీ ఉంది. ఐదేళ్లుగా ఏ కాగితం కోసం కలలు కన్నారో, సరిగ్గా ఆ కాగితమే ఇంట్లో చూపించడానికి పనికిరాకుండా పోయింది.

"సార్, ఈ తేదీ..."

"తేదీకేమైంది?"

"ఏం లేదండీ."

ఇంటికి ఎలా నడిచారో ఆయనకే తెలియదు. ఆర్డరు మడిచి దాచేద్దామని రెండుసార్లు జేబులో పెట్టుకుని, సిగ్గేసి రెండుసార్లూ బయటికి తీశారు. చివరికి భార్య ముందు పెట్టి, మొదటి నుంచీ అంతా చెప్పేశారు. ఆవిడ తేదీ మీద వేలు పెట్టింది.

"ఐదేళ్లు నాతో గొప్పలు చెప్పించారు."

"తప్పయిపోయింది."

"ఉద్యోగం లేదంటే వదిలేసి పోతాననుకున్నారా?" ఆవిడ కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. "సరే. ఇలాంటివి ఇంకేమైనా సాగుతున్నాయా, అన్నీ అయిపోయాయా?"

మాస్టారు లెక్క చూసుకోవడానికి కాస్త గడువడిగారు.