తొలి రౌండ్లో ఓడిపోవడంలో ఉన్న సుఖం

టెన్నిస్‌లో మొదటి రౌండ్లోనే ఓడిపోవడమంత సుఖం మరొకటి లేదు. నవ్వకండి! ప్రపంచంలో ఎనిమిది వందల చిల్లర ర్యాంకులో ఏళ్ల తరబడి పాతుకుపోయినవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

పెద్ద చాంపియన్లను చూడండి. పాపం, హోటల్ గుమ్మం దాటితే చాలు, సెల్ఫీలంటూ జనం మీద పడతారు. నన్ను ఇంతవరకూ ఆపినవాడు ఒక్కడే, స్టేడియం వాచ్‌మన్. "ఇది ఆటగాళ్ల గేటు, పక్కకి జరగండి" అన్నాడు. ఎంత ప్రశాంతత!

వాళ్లకి కోచ్ ఒకడు, మాలిష్ చేసేవాడు ఒకడు, రాకెట్‌కి తీగలు బిగించేవాడు ఒకడు. ఇంతమంది చుట్టూ చేరితే బుర్ర పనిచేస్తుందా? నా తీగలు నేనే బిగించుకుంటాను. మాలిష్ అంటారా, చెయ్యి అందినంత మేర నేను, అందని చోట గోడ. మా స్థాయిలో బంతులు ఏరిపెట్టేవాళ్లు కూడా ఉండరు కాబట్టి వేరే వ్యాయామం అక్కర్లేదు.

ఇక ప్రేక్షకులు. మొన్న మంగళవారం నా మ్యాచ్‌కి గ్యాలరీలో ఉన్నది ఒక్కావిడ, నా ప్రత్యర్థి తల్లి. స్వెట్టర్ అల్లుకుంటూ, పాయింట్ ఎవరిదో చూడకుండా చప్పట్లు కొట్టింది. అందులో సగం నావే అనుకున్నాను. మ్యాచ్ అయ్యాక "నువ్వు కాస్త ఒళ్లు చెయ్యాలి బాబూ" అంది.

అన్నిటికన్నా పెద్ద వరం మా ఆవిడ. నా టికెట్లన్నీ తనే కొంటుంది. మా టోర్నీలు మంగళవారం మొదలై ఆదివారం ఫైనల్‌తో ముగుస్తాయి. నా తిరుగు టికెట్టు మాత్రం ఎప్పుడూ మంగళవారం రాత్రికే. తన అంచనా అంత గట్టిది.

పోయిన నెల పొరపాటున గెలిచాను. ఫోన్ చేసి చెప్పాను.

"గెలిచారా? నిజంగానా?" అంది. "మరి టికెట్టు ఎలాగండీ?"

"ఒక్కసారైనా ఆదివారానికి కొనచ్చుగా" అన్నాను.

ఈ టోర్నీకి తిరుగు టికెట్టు ఆదివారానికే కొంది. నేను మంగళవారమే ఓడిపోయాను.

ఇవాళ శుక్రవారం. నన్ను ఓడించినవాడూ వాళ్లమ్మా జాలిపడి తమ గదిలో నేల మీద చాప వేసి చోటిచ్చారు. వాడు ఓడితే వాళ్లు ఊరెళ్లిపోతారు, నాకు ఆ చాప కూడా ఉండదు. అందుకని వాడి బనియన్లు నేనే ఉతుకుతున్నాను. గ్యాలరీలో వాళ్లమ్మ పక్కన కూర్చుని గొంతు పోయేలా అరుస్తున్నాను. వాడు సెమీఫైనల్‌కి వచ్చాడు.

మా స్థాయి ఫలితాలు ఏ పేపర్లోనూ రావు. అదీ ఒక వరమే.

నిన్న మా ఆవిడ ఫోన్ చేసింది. "ఇంకా అక్కడే ఉన్నారా?"

"ఉన్నాను" అన్నాను. అందులో అబద్ధం ఏముంది?

"మీరింకా ఓడిపోలేదని పక్కింటావిడకి కూడా చెప్పానండీ" అంది.

టికెట్టు మార్చుకుని ఇంటికి పొమ్మని నన్ను ఓడించినవాడు రోజూ పోరుతున్నాడు. ఒక్క ఫోన్‌తో అయిపోయే పని. అయినా మార్చుకోను. ఇన్నేళ్లలో నేను గెలుస్తానని నమ్మి ఒకరు కొన్న మొదటి టికెట్టు అది.